తీసేసిన కోచ్‌కి మ్యాచ్ ఉండదురా

విజయవాడ,
ఆదివారం.

చిరంజీవి చిన్నాకు,

అత్త దీవించి రాసేది. ఇక్కడ మేం క్షేమం. మామయ్యకి కంటి ఆపరేషన్ బాగానే జరిగింది. నల్లద్దాలు పెట్టుకుని ఇల్లంతా హీరోలా తిరుగుతున్నాడు. ఎండల సంగతి నీకు తెలియనిదేముంది. కొత్తావకాయ మీ నాన్న వచ్చినప్పుడు పంపిస్తాను, అమ్మతో చెప్పు.

నీ ఉద్యోగం సంగతి నాన్న ఫోన్లో చెప్పాడు. వేళకి అన్నం తింటున్నావా లేదా? ముందు అది చెప్పు. మిగతావన్నీ తర్వాత.

శనివారం ప్రెస్‌క్లబ్బులో చదువుతానని నువ్వు పంపిన ప్రకటన చదివాను. ఎనిమిది పేజీలు! ఒరేయ్, నీకు డిగ్రీ పరీక్షలో కూడా ఇన్ని పేజీలు రాసే ఓపిక ఉండేది కాదు కదరా. కోపం రాయించింది, నాకు తెలుసు. తప్పు పట్టడం లేదు. నాలుగేళ్లు ఫుట్‌బాల్ కోచ్‌గా తెల్లవారకముందే లేచి ఆ పిల్లలతో గ్రౌండ్‌కి పోయినవాడివి, ఒక వాట్సాప్ సందేశంతో ‘రేపట్నించి రావద్దు’ అంటే ఎవరికి మండదు? నాకే మండింది. ఇదంతా ఫోన్లో చెబుదామంటే నువ్వు అడ్డొస్తావు, నేను గొంతు పెంచుతాను, మీ నాన్న ఫోన్ లాక్కుంటాడు. అందుకే ఉత్తరం.

మీ నాన్న మాట నాకు తెలుసు. ‘నోరు మూసుకుని ఇంకో చోట చూసుకోమను.’ వాడిది మొదట్నుంచీ ఆ ధోరణే. నేను ఒప్పుకోను. స్పోర్ట్స్ డెస్క్‌లో కూర్చుని తల నెరిపించుకున్నదాన్ని, ఒక్కటి చూశాను. కోచ్‌ని తీసేసిన రోజు ఆయన మాట్లాడకపోతే, తీసేసినవాళ్లు చెప్పిందే మర్నాడు వార్త, పదేళ్ల తర్వాత అదే చరిత్ర. ‘జవాబు గ్రౌండ్‌లో చెప్పు’ అంటారు చూడు, అది ఉద్యోగం ఉన్నవాడికి చెప్పే మాట. మన హైదరాబాద్ రహీం సాబ్ సంగతే తీసుకో. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న మన ఫుట్‌బాల్ జట్టు యుగొస్లావియా చేతిలో 10-1తో ఓడింది. పది గోల్స్‌రా! అయినా ఆయన జవాబు గ్రౌండ్‌లోనే చెప్పగలిగాడు. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం. క్యాన్సర్ ఒంట్లో పెట్టుకునే జకార్తా వెళ్లాడు, మరుసటి సంవత్సరమే పోయాడు. గొప్పవాడే. కానీ ఆయనకి తర్వాతి మ్యాచ్ ఉంది. తీసేసిన కోచ్‌కి తర్వాతి మ్యాచ్ ఉండదు. నోరొక్కటే మిగులుతుంది. కాబట్టి మాట్లాడు. వద్దనను. కానీ ఈ ఎనిమిది పేజీలతో మాత్రం కాదు.

స్టిమాక్ గుర్తున్నాడా? ఇండియా ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా ఉన్న క్రొయేషియా ఆయన. 1998 ప్రపంచకప్‌లో మూడో స్థానం తెచ్చుకున్న జట్టులో డిఫెండర్. నీ ప్రకటన చదువుతున్నంతసేపూ నాకు ఆయనే గుర్తొచ్చాడు. 2024 జూన్ 17న భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆయన్ని తీసేసింది. నాలుగు రోజులకే ఆన్‌లైన్లో విలేకరులందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. అప్పటికి నేను రిటైరయ్యాను, అయినా చెయ్యి ఊరుకోదు కదా, పేపర్లన్నీ ముందేసుకుని ఎవరేం హెడ్డింగ్ పెట్టారో చూశాను. సమాఖ్య అధ్యక్షుడు కల్యాణ్ చౌబే ఎంత త్వరగా దిగిపోతే భారత ఫుట్‌బాల్‌కి అంత మంచిదన్నాడు. నేను చూసిన ప్రతి పేజీలోనూ అదే పైన ఉంది. మిగతావి కింద ఎక్కడో.

ఆ కింద పడిపోయినవాటిలో నిజాలున్నాయిరా, అదీ నా బాధ. ఆయన రికార్డు చెత్తేం కాదు. 2019 సెప్టెంబరులో దోహాలో, ఆసియా ఛాంపియన్ ఖతార్‌ని వాళ్ల ఇంట్లోనే 0-0తో ఆపారు. కెప్టెన్ ఛెత్రి లేకుండా! ఆ రాత్రి గుర్‌ప్రీత్ సంధు గోల్‌పోస్టు ముందు ఎలా నిలబడ్డాడో నువ్వే నాకు ఫోన్ చేసి అరుస్తూ చెప్పావు. 2021లో మాల్దీవుల్లో దక్షిణాసియా శాఫ్ కప్పు. 2022 జూన్‌లో కోల్‌కతాలో మూడు మ్యాచ్‌లూ గెలిచి ఆసియా కప్‌కి వెళ్లారు. వరసగా రెండు ఆసియా కప్‌లకి అర్హత సాధించడం మనకి అదే మొదటిసారి. ఇక 2023 మొదటి ఏడు నెలలూ చెప్పక్కర్లేదు. ఇంఫాల్‌లో ముక్కోణపు టోర్నీ, భువనేశ్వర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు, బెంగళూరులో కువైట్ మీద షూటౌట్‌లో మళ్లీ శాఫ్. ఫిఫా ర్యాంకు 99. నవంబరులో కువైట్ వెళ్లి 1-0తో గెలిచారు, ప్రపంచకప్ క్వాలిఫయర్స్‌లో.

అడ్డంకులు కూడా ఆయన కల్పించుకుని చెప్పినవి కావు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలకి క్లబ్బులు ఆటగాళ్లని వదల్లేదు. ఎలాగో పోగుచేసిన జట్టు ముందురోజు సాయంత్రం దిగి, మర్నాడే చైనాతో ఆడి 5-1తో ఓడింది. క్యాంపుకి ఎక్కువ రోజులు కావాలని ఆయన పెట్టిన మొరలకి లెక్కలేదు. ఆఖరికి దోహాలో 2024 జూన్ 11న ఏం జరిగింది? ఛాంగ్టే గోల్‌తో మనం ముందున్నాం. బంతి గీత దాటి బయటికి పోయింది, ఖతార్ వాళ్లు లోపలికి లాగి గోల్ కొట్టారు, రిఫరీ ఇచ్చేశాడు. ఆ దశలో వీడియో రిఫరీ లేడు. మరో గోల్ పడింది, 2-1తో అయిపోయింది. ప్రపంచకప్ క్వాలిఫయర్స్ మూడో రౌండ్ ఆశా అయిపోయింది. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది చెప్పు?

మరి ఇన్ని ఉండీ జనం ఎందుకు వినలేదు?

నువ్వు నీ ఎనిమిది పేజీల్లో ఏం చేశావో ఆయనా అదే చేశాడు, చిన్నా. ఓటముల దగ్గర గొంతు తగ్గింది, అడ్డంకుల దగ్గర పెరిగింది. ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లు, ఆరు గోల్స్ ఇచ్చుకుని ఒక్కటీ కొట్టలేదు. దానికి క్యాంపు రోజులు కారణం అనుకో, ఒప్పుకుంటాను. 2024 మార్చిలో గువాహటి? సొంత గడ్డ, ఛెత్రికి 150వ మ్యాచ్, ఆయనే పెనాల్టీ కొట్టి ముందు నిలబెట్టాడు. అవతల మనకంటే ఎంతో కింద ర్యాంకులో ఉన్న అఫ్గానిస్థాన్. 2-1తో ఓడాం. దానికి ఏ అధ్యక్షుడూ కారణం కాదు, ఏ రిఫరీ కారణం కాదు. జూన్ 6న కోల్‌కతాలో ఛెత్రి వీడ్కోలు మ్యాచ్, స్టేడియం నిండిపోయింది, కువైట్‌తో ఒక్క గోల్ కొడితే చాలు. 0-0. ఆ రెండు మ్యాచ్‌లు ప్రతి అభిమానికీ కళ్ల ముందే ఉన్నాయి. ఆ రెండింటి గురించీ ముందుగా ఆయన నోటినుంచే వినాలని కూర్చున్నవాడికి చౌబే పేరు వినిపించింది. 99 ర్యాంకు ఆయన చెప్పాడు. ఏడాది తిరక్కుండా అది 120 దాటిందని మిగతావాళ్లు చెప్పారు. తనే చెప్పుంటే వాళ్లకి పని ఉండేది కాదు.

పైగా ఒక మాట ఇచ్చాడు. మూడో రౌండ్‌కి తీసుకెళ్లకపోతే నేనే వెళ్లిపోతానని ఆ మార్చిలోనే అన్నాడు. వేడిలో వచ్చేసింది. తీరా ఆ రోజు వచ్చేసరికి చేతిలో 2026 దాకా ఒప్పందం ఉంది. చట్టం ఆయన పక్షాన ఉంది, మాట ఆయనకి ఎదురుగా ఉంది. నువ్వు కూడా పేరెంట్స్ మీటింగులో ‘ఫైనల్ గెలవకపోతే రాజీనామా’ అన్నావట కదూ. అన్నావా లేదా? మీ అమ్మ చెప్పింది. ఎంత తెలివితక్కువ మాటరా అది! సరే, అన్నావు. నోటిమాటే కదా, ప్రాణం పోలేదు. కానీ దాన్ని దాచకు. శనివారం ఎవరో ఒకరు అడుగుతారు. అడగకముందే నువ్వే చెప్పు: ‘ఆ మాట అన్నాను, అనకూడనిది.’ అంతే. మూడో వాక్యం వద్దు.

కోపం గురించి కూడా చెప్పాలి నీకు. అది మన ఇంటి జబ్బు, మీ తాతయ్య దగ్గర్నుంచీ వస్తోంది. 2023 శాఫ్‌లో స్టిమాక్ పాకిస్తాన్ ఆటగాడి చేతిలోంచి బంతి తీసేసుకుని రెడ్ కార్డ్ తెచ్చుకున్నాడు. మర్నాడు, మన పిల్లల కోసం మళ్లీ అలాగే చేస్తానని అందరికీ వినపడేలా చెప్పాడు. కువైట్‌తో మ్యాచ్‌లో మళ్లీ రెడ్ కార్డ్. సెమీఫైనల్, ఫైనల్ రెండూ సహాయకుడు మహేశ్ గావ్లి నడిపించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో జనం చప్పట్లు కొట్టారు, గెలుస్తున్నాం కదా! ఓడడం మొదలయ్యాక అదే రెడ్ కార్డ్ తలపొగరు కింద లెక్కకొచ్చింది. జట్టు ఎంపికకి జ్యోతిష్యుణ్ని అడిగాడని వార్తలొచ్చాయి చూడు, ఇప్పటికీ మన వీధిలో ఆయన పేరు చెబితే ముందు అదే అంటారు. అలాంటివి ఒక్కసారి అంటుకుంటే నాలుగు కప్పులు కూడా వదిలించలేవు. నువ్వు లీగ్ మ్యాచ్‌లో రిఫరీ మీదకి వెళ్లిన వీడియో ఇంకా ఎవరో ఒకరి ఫోన్లో ఉంటుంది. శనివారం నీ గొంతు కొంచెం లేచిందా, ప్రకటన బదులు ఆ వీడియో వేస్తారు.

ప్రకటన వదిలేసి అలాంటిదే పైన పెట్టే పని నేనూ చేసినదాన్నే. ఒకాయన, పేరొద్దులే, ఓ జట్టు కోచ్ పదవి పోయిన సాయంత్రం చక్కగా రాసుకొచ్చిన కాగితాలు మా స్ట్రింగర్ ఫ్యాక్స్ చేశాడు. అన్నీ తేదీలతో ఉన్నాయి. చివర్లో మాత్రం కార్యదర్శిని ఒక మాట అన్నాడు. నాకు మిగిలింది సింగిల్ కాలమ్, పేజీ దిగే వేళయింది. తేదీలన్నీ కొట్టేసి ఆ ఒక్క మాటనే పైన పెట్టాను. మర్నాడు అందరూ అదే చదివారు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగానే ఉంటుంది. కానీ ఒకటి ఆలోచించు. ఆయన ఆ మాట రాయకుండా ఉంటే నాకు పెట్టడానికి తేదీలే మిగిలేవి! నీ ప్రకటనలో అలాంటి మాటలు ఎర్ర పెన్నుతో గీతలు పెట్టి తిప్పి పంపుతున్నాను. ‘కుట్ర’ మూడుచోట్ల ఉంది. ‘బొమ్మలాంటి డైరెక్టర్’ ఒకటి. అన్నీ తీసెయ్.

అయిదో పేజీలో అమ్మ ఆరోగ్యం గురించి రాశావు. అదీ తీసెయ్. కోప్పడకు, చెప్పేది విను. అమ్మని ఆస్పత్రిలో పెట్టుకుని నువ్వు ప్రాక్టీసుకి వెళ్లావు, ఎవరూ కాదనరు. స్టిమాక్ కూడా తన గుండెకి ఆపరేషన్ జరిగిందని, ఒత్తిడి అంత ఉందని అదే సమావేశంలో చెప్పాడు. పాపం నిజమే అయ్యుంటుంది, మనిషన్నవాడికి జాలేస్తుంది. కానీ గోల్స్ లెక్కా, ర్యాంకూ, అధ్యక్షుడి మీద కోపమూ, గుండె ఆపరేషనూ ఒకే గుక్కలో చెబితే, వినేవాడికి ఏది సంజాయిషీయో ఏది బాధో తెలీదు. జాలిపడాల్సినవాడు కూడా అనుమానపడతాడు. అమ్మ సంగతి మన ఇంటిది. అడుగుతున్నవాళ్లకి మైక్ ముందు చెప్పాల్సినది కాదు.

ఇప్పుడు ఏం ఉంచాలో చెబుతాను. ఏడో పేజీ ఉంచు. అంతకుమించి, దాన్ని మొదటికి తీసుకురా. అక్కడ నువ్వు రాసిన ఉత్తరాలున్నాయి. ఫిజియో కావాలని ఎప్పుడడిగావు, గ్రౌండ్‌లో గుంతలు పూడ్చమని ఎప్పుడడిగావు, ముగ్గురు పిల్లలు చీలమండ బెణికి పడుకున్నాక మళ్లీ ఎప్పుడడిగావు, జవాబొచ్చిందా లేదా. ఇవి చాలురా! ఇందులో తిట్టు లేదు, విశేషణం లేదు, కాదనడానికి ఎవరికీ సందు లేదు. వీటికంటే కూడా ముందు, మొట్టమొదటి పేరాలో, నీ ఓటములు పెట్టు. ఎన్ని ఆడాం, ఎన్ని గెలిచాం, ఎన్ని ఓడాం. ఫైనల్‌లో రెండో అర్ధభాగంలో డిఫెన్స్ మార్చింది నేనే, అది పనిచెయ్యలేదు అని రాయి. పిల్లల పేర్లు ఒక్కటి కూడా రాయకు. ఆ గోల్‌కీపర్ పిల్లాడి గురించి మూడో పేజీలో రాసింది చూసి నాకు మనసు చివుక్కుమంది. పదిహేడేళ్లవాడు. వాడు రేపు పేపర్లో చదువుకుంటాడు. నువ్వు అలాంటివాడివి కాదు, ఆ రాత్రి నిద్రలేక రాసుంటావు.

డబ్బు సంగతి. సిగ్గుపడకుండా చదువు. స్టిమాక్ కేకలన్నీ ఒక ఎత్తు, ఆయన ఒప్పందం కాగితం ఒక్కటీ ఒక ఎత్తు. ఫిఫా దగ్గరికి వెళ్తానన్నాడు. ఆఖరికి సమాఖ్య 4 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుందని వార్తలొచ్చాయి. ఆ సొమ్ము తెచ్చిపెట్టింది ప్రెస్‌మీట్ కాదు, అందరూ సంతకాలు పెట్టిన కాగితం. నీ దగ్గర అపాయింట్‌మెంట్ లెటరుందా? అందులో నోటీసు గడువు ఎంతని రాసుంది? రెండు నెలల జీతం రావాలని నాన్న అంటున్నాడు. తొలగించినట్టు కాగితం మీద ఇమ్మను. వాట్సాప్ చాలదు. బకాయి అడుగుతూ రిజిస్టర్డ్ పోస్టులో ఒక లేఖ పంపు. రసీదు దాచు. శనివారానికి ముందే పంపు. ఆ తర్వాత పంపితే ప్రెస్‌మీట్ పెట్టినందుకే ఇవ్వలేదంటారు.

ఇంకొకటి. నీ స్థానంలో వచ్చిన కోచ్ గురించి రెండు పేరాలు దెప్పావు. అతను నీకేం చేశాడురా? స్టిమాక్ తర్వాత వచ్చినాయన మనోలో మార్కెజ్. మన హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఐఎస్ఎల్ టైటిల్ తెచ్చిపెట్టినాయనే. మొదటి టోర్నీ గచ్చిబౌలిలో, మారిషస్‌తో 0-0, సిరియాతో 0-3. ఆ మారిషస్ మ్యాచ్‌కి నన్ను లాక్కెళ్లింది నువ్వే, బయటికొస్తూ ‘అత్తా, ఈయన కూడా ఏం చేస్తాడు’ అన్నావు. ఆ 2024 సంవత్సరమంతా ఇండియా ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. హైదరాబాద్‌లో తెలివైనవాడు ఢిల్లీ వెళ్లగానే తెలివితక్కువవాడైపోడు కదా. ఏడాది తిరిగేసరికి ఆయనా వెళ్లిపోయాడు. స్టిమాక్ ఆ రోజు అరిచి చెప్పినవాటిలో సగం, ఎవరూ అరవకుండానే ఆ ఏడాది చెప్పింది. నీ విషయంలోనూ ఆ గుంతలు అక్కడే ఉంటాయి, ఫిజియో ఉండడు, కొత్తబ్బాయి కూడా ఓడతాడు. ఓడినప్పుడు సంతోషించకు. అతను ఓడినంత మాత్రాన నీ ఫైనల్ నువ్వు గెలిచినట్టు కాదు. వీలైతే ఒకసారి ఫోన్ చేసి, ఏ పిల్లాడికి ఏ కాలు నొప్పో చెప్పు.

శనివారం హాలు బుక్ చేశావు కాబట్టి రద్దు చెయ్యమనను. అయితే సాయంత్రం వద్దు, పదకొండింటికి మార్చు. సాయంత్రం పెడితే రాసేవాళ్లకి ఆలోచించే టైముండదు, నేను చేసిన పనే వాళ్లూ చేస్తారు. పేజీన్నర కంటే ఎక్కువ చదవకు. చదివింది జిరాక్సు తీయించి అందరికీ ఇవ్వు, వెనకాల ఆ ఉత్తరాల నకళ్లు జత చెయ్యి. ప్రశ్నలకి రెండు వాక్యాలు. డైరెక్టర్ పేరు ఎత్తమని ఎవరైనా రెచ్చగొడతారు, రెచ్చిపోకు. నీలం చొక్కా వేసుకో, ఆ నలిగిన జెర్సీ వద్దు.

తిట్టానని బాధపడకు, నాన్నా. నీ మీద ఈ చనువు నాకు కాక ఇంకెవరికుంది? కొత్త ప్రకటన గురువారం రాత్రికల్లా నాకు పంపు, నేను దిద్ది శుక్రవారం పొద్దున తిప్పి పంపుతాను. మీ నాన్న నీ మీద అలిగి కూర్చున్నాడు, ఈ ఉత్తరం అందగానే ముందు వాడితో మాట్లాడు.

ఇట్లు,
మీ అత్త.